నలభై సర్వర్లు, ఒక కత్తెర

"పరిశోధకుల డేటా ఇకమీదట వానకు తడవదు, చెదలకు దొరకదు, దొంగకు చిక్కదు" అని మంత్రిగారు ప్రకటించారు. మా పరిశోధన సంస్థ ఆవరణలో, షామియానా కింద, అర్ధగంట సేపు ప్రకటించారు. డేటా దాచడానికి నలభై సర్వర్లు మంజూరు చేస్తున్నట్టు చెప్పి, జేబులోంచి సొంత కత్తెర తీసి రిబ్బన్ కత్తిరించారు. రిబ్బన్ వెనకాల ఖాళీ గది ఉంది. గదికి తాళం ఉంది. అందరం తాళానికి చప్పట్లు కొట్టాం.

మంత్రిగారికి కత్తెర సొంతం. సభల్లో ఇచ్చే కత్తెరలు మొండివని ఆయన అనుభవం. పన్నెండేళ్లుగా అదే కత్తెర. దానితో మూడు వంతెనలు, ఒక ఆసుపత్రి, మా ఊరి పక్కన రసాయనాల ఫ్యాక్టరీ ప్రారంభించారు. వంతెనల్లో రెండు ఇప్పుడు లేవు. కత్తెరకు మాత్రం తుప్పు మరక కూడా లేదు. నాణ్యత అంటే అది.

నేను ఆ సంస్థలో స్టోర్‌కీపర్ని. మంత్రిగారి సేవ గురించి పేపర్లవాళ్లు అరకొరగా రాశారు. దగ్గరుండి చూసినవాణ్ని కాబట్టి పూర్తిగా రాస్తున్నాను.

సర్వర్లు కావాలని అడిగింది బావుల మేడం. చుట్టుపక్కల ఊళ్ల బావుల్లో నీళ్లు పరీక్షించే సైంటిస్టు కాబట్టి ఆఫీసులో ఆమెకు ఆ పేరు పడింది. రెండొందల బావులు, నెలకోసారి, ఇరవై ఆరేళ్లు. నీళ్లలో విషం ఎంతుందో చెప్పే అంకెలన్నీ ఒకే ఒక్క పాత కంప్యూటర్లో ఉన్నాయి. ఇప్పటి పరికరం ఏదీ దానికి అతకదు. ప్రింటర్ పాడై మూడేళ్లయింది. కొత్తదాని కోసం ఆమె పెట్టిన ఇండెంటు మీద నాలుగు సంతకాలు పడ్డాయి. ఐదో సంతకం చేయాల్సిన పోస్టును రద్దు చేశారు. ఫోన్‌తో తెర ఫోటో తీసుకుందామంటే, డేటా భద్రత కోసం ల్యాబులోకి ఫోన్లు రానివ్వరు.

ఆ కంప్యూటర్ లోపల ఏదో టిక్కుటిక్కుమనేది. మేడం రోజూ పొద్దున రాగానే దానికి చెవి ఆనించి వినేది.

"ఎన్నాళ్లుంటుందమ్మా?" అని అడిగాను.

"నెల. మహా అయితే మూడు" అంది. మా ఆవిడ గురించి డాక్టరు కూడా అదే గొంతుతో చెప్పాడు.

మూడు నెలల్లో విచారణ కమిటీ కూర్చోబోతోంది. కమిటీ తేల్చాల్సింది ఒక్కటే. నీళ్లు పాడైంది ఫ్యాక్టరీ రాకముందా, వచ్చాకా? జవాబు ఆ కంప్యూటర్లో ఉంది. ఇంకెక్కడా లేదు.

పదిహేడో నంబరు బావి మా ఇంటి ఎదుటిది. మా ఆవిడ ఆ నీళ్లే తాగింది. ముందు కిడ్నీలు పోయాయి, తరవాత ఆమె పోయింది. వయసు అయిపోయిందని ఫ్యాక్టరీవాళ్లు అన్నారు. ఆమెకు నలభై నాలుగు.

నెల తిరిగేసరికి సర్వర్లు వచ్చాయి. తప్పు రాశాను. వచ్చారు.

జరిగింది ఇది. ఆ ఏడాది పొదుపు కోసం యంత్రాలు కొనడాన్ని నిషేధించారు. మనుషుల్ని తీసుకోవడాన్ని నిషేధించలేదు. శాఖ కార్యదర్శిగారు సమర్థులు. ఫైల్లో 'యంత్రాలు' అన్న శీర్షిక కింద ఉన్న 'సర్వర్లు, నలభై' అన్న ముక్కను 'సిబ్బంది' అన్న శీర్షిక కిందికి జరిపారు. మాట మార్చలేదు, చోటు మార్చారు. హోటల్లో పనిచేసిన అనుభవం ఉన్నవాళ్లు పద్నాలుగు మంది దొరికారు. మిగతావాళ్లకు పార్టీలో పనిచేసిన అనుభవం ఉంది. మంత్రిగారి బావమరిదికి రెండు అనుభవాలూ ఉన్నాయి కాబట్టి ఆయన చీఫ్ సర్వర్ అయ్యాడు.

"సర్వర్లంటే మిషన్లండీ" అంది మేడం, వరండాలో బారుగా నిలబడ్డ జనాన్ని చూసి.

"మీ అర్జీలో మిషన్ అనే మాట ఎక్కడుందో చూపించండి" అన్నారు కార్యదర్శిగారు.

ఆమె అర్జీ చూసుకుంది. లేదు.

"అడిగినవాటికి ఒకటి తక్కువ కాకుండా ఇచ్చాం. లెక్కపెట్టుకోండి."

మేడం లెక్కపెట్టలేదు. నేను పెట్టాను. నలభై ఒకరు. ఆ చివరివాడు బ్యాకప్పట.

చీఫ్ సర్వర్ ముందుకొచ్చి నమస్కారం పెట్టాడు. "ఏం కావాలో చెప్పండి మేడం. మొహమాటపడకండి."

"బావుల డేటా దాచాలి."

"మా బావ డేటా మీకెందుకమ్మా?"

"బావ కాదండీ, బావులు."

"అలా చెప్పండి. భయపడి చచ్చాను."

సర్వర్లను పద్దెనిమిది డిగ్రీల చల్లదనంలో, ర్యాకుల్లో అమర్చాలని మంజూరు పత్రంలో ఉంది. నియమాన్ని అక్షరాలా పాటించారు. గదికి ఏసీలు వచ్చాయి. మూడంతస్తుల ఇనప ర్యాకులు వచ్చాయి. ఒక్కో అరలో ఒక్కో సర్వర్ పడుకున్నాడు. రెండో రోజు స్టోర్ నుంచి నలభై ఒక్క దుప్పట్లు ఇష్యూ చేశాను. బరువైనవాళ్లను కింది అరల్లో వేశారు. కంప్యూటర్ భాషలో దాన్ని లోడ్ బ్యాలెన్సింగ్ అంటారని కార్యదర్శిగారు నాకు వివరించారు.

మంత్రిగారు తనిఖీకి వచ్చారు. ర్యాకుల మధ్య నడుస్తూ, "వీళ్ల మెమొరీ ఎంత?" అని అడిగారు.

"బావా, నువ్వు డిపాజిట్ పోగొట్టుకున్న ఎన్నికలో ఏ ఊళ్లో ఎన్ని ఓట్లు పడ్డాయో వరసగా చెప్పమంటావా?" అన్నాడు చీఫ్ సర్వర్ పై అరలోంచి.

"అది డిలీట్ చెయ్."

"చేశా."

మంత్రిగారు సంతృప్తి చెందారు. వారంలోగా డేటా మొత్తం సర్వర్లలోకి ఎక్కించాలని అక్కడికక్కడే ఆదేశించారు.

ఒక్కొక్కరికి ఐదు బావులు పంచారు. మేడం తెర మీది అంకెలు చదవడం, వాళ్లు బట్టీ పట్టడం. మా ఊరి బడిలో ఎక్కాలు అప్పజెప్పినట్టు గది మారుమోగిపోయింది. మూడో రోజు ఒక సర్వర్ డౌన్ అయ్యాడు. విరేచనాలు. అతని ఐదు బావులూ అతనితో పాటు ఇంటికి వెళ్లిపోయాయి. బ్యాకప్‌ను పిలిస్తే, తనకు బోనస్ సంగతి తప్ప ఏమీ చెప్పలేదన్నాడు.

మేడం చీఫ్ సర్వర్‌ను పరీక్షించింది.

"పదిహేడో బావి. పోయినేడాది జూన్?"

"రెండున్నర."

"అంతకు ముందేడు?"

"రెండున్నర."

"ఇరవై ఏళ్ల కిందట?"

"నిలకడగల బావి మేడం అది."

ఆమె కుర్చీలో కూలబడింది. పక్కగదిలో కంప్యూటర్ టిక్కుటిక్కుమంటోంది. టిక్కుకీ టిక్కుకీ మధ్య దూరం తగ్గింది. అది నాక్కూడా తెలిసింది.

నేను స్టోరుకు వెళ్లి నలభై నోటుపుస్తకాలు తెచ్చి ఆమె ముందు పెట్టాను. ఇండెంటు లేదు, సంతకాలు లేవు. ముప్పై ఏళ్ల సర్వీసులో నేను నిబంధన తప్పింది అదొక్కసారి.

మేడం వాటిని చూసింది, నన్ను చూసింది. లేచి, తలా ఒకటి పంచింది.

"పేజీకి నట్టనడుమ గీత గీయండి. ఎడమ పక్క తేదీ, కుడి పక్క అంకె. నేను చదువుతాను. ఎవరి బావి వస్తే వాళ్లు రాయండి."

పదకొండు రోజులు చదివింది. గొంతు పోయింది. గుసగుసగా చదివింది. నలభై మంది దుప్పట్లు కప్పుకుని రాశారు. మొదటి రెండు రోజులు వేళాకోళాలాడారు. తరవాత ఆడలేదు. వాళ్లలో చాలామందివి ఆ చుట్టుపక్కల ఊళ్లే.

ఎనిమిదో రోజున చీఫ్ సర్వర్ కలం ఆపాడు. "ఇదేంటి మేడం? పదిహేడో బావిలో అంకె ఒక్కసారిగా పది రెట్లయింది. తప్పు చదివారా?"

"తప్పు కాదు. ఏ నెల అది?"

ఆయన ఎడమ పక్క చూసుకున్నాడు. "ఆ నెలలో మా బావకు సన్మానం జరిగింది, ఫ్యాక్టరీ రిబ్బన్ కత్తిరించినందుకు" అని నెమ్మదిగా చెప్పాడు. మంచినీళ్ల గ్లాసు అందుకున్నాడు. అందులోకి చూశాడు. తాగకుండా పక్కన పెట్టి మళ్లీ రాసుకోసాగాడు.

రాత పూర్తయిన రెండో రోజుకు కంప్యూటర్ చప్పుడు ఆగిపోయింది. మేడం దానికి చెవి ఆనించి చూసింది, ఏమీ వినబడలేదు. ఆమె నవ్వడం అప్పుడే చూశాను. నలభై పుస్తకాలకూ అట్టలు వేసి, నంబర్లు వేసి, కింది అరలో పేర్చింది.

మంత్రిగారు మరో ప్రకటన చేశారు. కరెంటు అక్కర్లేని, వైరస్ సోకని, ఏ దేశపు దొంగా ఆన్‌లైన్లో దోచుకోలేని డేటా నిల్వ కేంద్రం ప్రపంచంలో ఇదొక్కటేనన్నారు. అబద్ధం కాదు. ఆయన నోటి నుంచి నేను విన్నవాటిలో నిజం అదొక్కటే.

ఆ ఆదివారం చీఫ్ సర్వర్, అక్కయ్య చేతి భోజనం తిని చాలా రోజులైందని మంత్రిగారింటికి వెళ్లొచ్చాడు. సోమవారం యంత్రాల కొనుగోలు మీద నిషేధం ఎత్తేశారు. ఏడాది పట్టే టెండరు ఎనిమిది రోజుల్లో ముగిసింది. తొమ్మిదో రోజు నిజమైన సర్వర్లు లారీలో దిగాయి. మనిషెత్తు నల్ల బీరువాలు, నీలం దీపాలు. మా సంస్థలో గోడ గడియారానికి సెల్లు మార్చడానికే నాలుగు నెలలు పట్టింది. పట్టుదల అంటే అది.

కమిటీ ముందు మేడం హాజరు కావలసింది వచ్చే బుధవారం. ప్రారంభోత్సవం శనివారం. శుక్రవారం పొద్దున ఆమె, పుస్తకాలు ఏ రూపంలో తేవాలో కనుక్కోవడానికి కమిటీ ఆఫీసుకు ప్రయాణమై వెళ్లింది. శుక్రవారం మధ్యాహ్నం కొత్త యంత్రాల కోసం గది ఖాళీ చేశారు. నా స్టోరుకు దుప్పట్లు తిరిగొచ్చాయి. వాటితో పాటు మూతి కుట్టేసిన సంచి ఒకటి వచ్చింది. చీటీలో 'పనికిరాని కాగితం, సంచి ఒకటి' అని ఉంది. పనికిరాని కాగితం ముట్టినట్టు సంతకం పెట్టాను. సంచి విప్పి చూడాలని నిబంధనల్లో లేదు. దుప్పట్లు మాత్రం లెక్కపెట్టుకున్నాను. నలభై ఒకటీ ఉన్నాయి.

శనివారం పదకొండింటికి మంత్రిగారు రిబ్బన్ కత్తిరించారు. లోపల నీలం దీపాలు వెలిగాయి. ఆయన ఒక బీరువాను చేత్తో నిమిరి, "ఇందులో ఏముంది?" అని యంత్రాల ఇంజనీరును అడిగారు.

"ఇంకా ఏమీ లేదండి. మొత్తం ఖాళీ."

"ఎంత ఖాళీ?"

"దేశంలో ఉన్న పుస్తకాలన్నీ పట్టేంత ఖాళీ సార్."

మంత్రిగారు మైకు అందుకున్నారు. "ఇంత ఖాళీ దేశంలో మరెవరి దగ్గరా లేదు. దీన్ని నా చేతుల మీదుగా మీకు అంకితం చేస్తున్నాను." చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది. విచారణ కమిటీ అధ్యక్షులు ముందు వరసలో కూర్చున్నారు. ఆయనా కొట్టారు.

తరవాత అతిథులకు కేకు. మనుషుల సర్వర్లను తీసేయలేదు. పోస్టులు పోస్టులే. వాళ్లకు తెల్ల కోట్లు ఇచ్చారు, చేతికి ట్రేలు ఇచ్చారు. అప్పుడు చీఫ్ సర్వర్ స్టోరు గుమ్మంలోకి వచ్చాడు.

"పెద్దాయనా, ప్లేట్లు రాలేదు. నీ దగ్గర పాత కాగితాల సంచి ఉండాలే."

"ఉంది."

"ఇటియ్యి."

ఇచ్చాను. "కత్తెర కూడా కావాలా?" అన్నాను.

"అక్కర్లేదు. బావది తీసుకున్నా" అని జేబు తట్టుకుని సంచి భుజాన వేసుకున్నాడు.

మేడం బస్సు దిగి వచ్చేసరికి కేకు సగం పంచారు. గేటు దగ్గరే ఎవరో ఆమె చేతిలో ఒక ముక్క పెట్టారు. కేకు నలుచదరపు కాగితం మీద ఉంది. ఆమె కేకును చూడలేదు. కాగితాన్ని చూసింది. సర్వర్ గదిలోకి పరుగెత్తింది. బయటికి వచ్చి, అతిథుల మధ్య తిరుగుతూ, ఒక్కొక్కరి చేతిలోంచి కాగితం అడిగి తీసుకోసాగింది. కింద పడ్డవి వంగి ఏరుకుంది. క్రీము చీర కొంగుతో తుడిచింది.

మంత్రిగారు మాట ఆపి చూశారు. "అంతటి సైంటిస్టు, ఎంగిలి కాగితాలు ఎత్తుతోంది. చూసి నేర్చుకోండి" అన్నారు. అతిథులు నేర్చుకున్నారు. తమ కాగితాలు తామే తీసుకెళ్లి బుట్టలో వేశారు. కమిటీ అధ్యక్షులు రెండు ముక్కలు తిన్నారు. రెండు కాగితాలూ బుట్టలోనే వేశారు.

మేడం నా దగ్గరికి వచ్చింది. అప్పుడు నా చేతిలోని కేకు కింది కాగితం చూసుకున్నాను. చీఫ్ సర్వర్ చేతిరాత గుండ్రంగా, అందంగా ఉంటుంది. ఒక మూల 'బావి 17' అని ఉంది. కింద అంకెలు. రెండున్నర, రెండున్నర, రెండున్నర, ఇరవై ఆరు. పక్కన తేదీలు లేవు. మధ్య గీత వెంబడి కత్తెర నిటారుగా వెళ్లింది. పదునైన కత్తెర. అంచు ఎక్కడా చిరగలేదు.

"ఎడమ సగం?" అంది.

నేను చుట్టూ చూశాను. నాలుగొందల మంది తింటున్నారు.

చీఫ్ సర్వర్ ట్రేతో మా దగ్గరికి వచ్చాడు. మేడం వైపు చూడలేదు. "ఇంకో ముక్క తీసుకో పెద్దాయనా, మొహమాటపడకు" అన్నాడు.

మర్నాడు పేపర్లో వార్త బాగా వేశారు. ప్రారంభోత్సవం ఆసాంతం ఒక్క సర్వర్ కూడా డౌన్ కాలేదని రాశారు.