అవతలివారు అగ్నిపుత్రిని ఇస్తారట

పూర్వం రాజ్యాలను జయించదలచినవారు మంత్రులను, సేనాపతులను, వేగులవాళ్లను పోషించవలసి వచ్చేది. కళ్లద్దాల దుకాణంలో కళ్లు పరీక్షించే మన కథానాయకుడికి ఆ పరివారమంతా ఫోనులోనే కొలువుతీరి ఉంది. అతడి యుద్ధం ఆదివారం జరగబోయే కార్డుల పోటీ. పేకముక్కలనుకునేరు; ఇవి బొమ్మల కార్డులు. ఒక్కొక్కదాని మీద ఒక వీరుడో, మృగమో, మాంత్రికుడో ఉంటారు. వాటిని సేకరించి, ఒకరితో ఒకరు మార్చుకుని, కట్టగా పేర్చి, బల్లకు అవతల కూర్చున్నవాడి మీదికి దండెత్తాలి. ఈ దండయాత్రలో ఎవరి ప్రాణాలెన్ని మిగిలాయో ఒక యాప్ లెక్క చూస్తుంది. ఇంకొకటి కార్డును ఫొటో తీసిన మరుక్షణం దాని పుట్టుపూర్వోత్తరాలు విప్పుతుంది. మరొకటి కావలసిన కార్డు చేతికి వచ్చే అవకాశాన్ని గణించి, సాధారణంగా నిరాశ కలిగిస్తుంది. వీటన్నిటికీ తలమానికం రాయబారి యాప్. మీకు ఏది ఎక్కువైందో, ఏది కొరవడిందో చెబితే చాలు, సరిగ్గా దానికి విరుద్ధమైన లోటుతో బాధపడుతున్న మరో మనిషిని అది వెతికిపెడుతుంది.

అతడికి కొరవడినది 'అగ్నిపుత్రి'. ఆ ఒక్క కార్డు లేకపోవడం వల్లనే తాను ప్రతి పోటీలోనూ మొదటి రౌండులో ఇంటిముఖం పడుతున్నానని అతడి ప్రగాఢ విశ్వాసం. శనివారం పొద్దున ఏదైనా కబురు వస్తే, మధ్యాహ్నం భోజన విరామంలో వెళ్లి మార్చుకుని రావాలన్నది పథకం. ఫోనును భోజనాల బల్ల మీద పెట్టి అతడు స్నానానికి వెళ్లాడు. కబురు అప్పుడే వచ్చింది.

దానిని అందుకున్నది అక్క. తమ్ముడికి పెళ్లి చేసే భారాన్ని ఎవరూ అప్పగించకపోయినా ఏళ్ల తరబడి మోస్తున్న ధీరురాలు. ఆ యాప్‌కు తెలుగు నేర్పినది ఏదో యంత్రం. కబురు ఇలా ఉంది: "శుభవార్త. మీకు జోడీ కుదిరింది. అవతలివారు అగ్నిపుత్రిని ఇస్తారు. మీరు ముసలి మాంత్రికుడిని వదులుకోవాలి. సమ్మతమేనా?" కింద చీమకాళ్లంత అక్షరాలతో 'కార్డుల మార్పిడి సేవ' అని కూడా ఉంది. అయితే తమ్ముడు చేయించి తెస్తానన్న కొత్త కళ్లద్దాలు ఇంకా మాట రూపంలోనే ఉన్నందువల్ల అక్క అంత దూరం చదవలేకపోయింది.

ఆమె 'సమ్మతం' నొక్కింది. జవాబు రాసే గడి తెరుచుకోగానే, "చాలా సంతోషం. మధ్యాహ్నం పెద్దలతో కలిసి మా ఇంటికే రండి," అని చిరునామా కూడా ఇచ్చింది. 'నిప్పుకోడి' అనే పేరుతో వెంటనే బదులు వచ్చింది: "తప్పకుండా. మా పెద్దాయన్ని తీసుకొస్తాను. ఆయన చూసి సరేనంటేనే ఖాయం."

"ఏమండీ, వాడికి సంబంధం కుదిరింది," అంది అక్క, పేపరు చదువుతున్న భర్తతో.

"వాడికి తెలుసా?"

"తెలిస్తే బిడియపడి చెడగొట్టేస్తాడు. వాళ్లు వచ్చేదాకా చెప్పకండి. ఇంకోటి. వాళ్లు ముసలి మాంత్రికుణ్ణి వదులుకోమంటున్నారు."

బావగారు పేపరు దించి చుట్టూ చూశారు. గదిలో తాను తప్ప మరెవరూ లేరు. "నేను మాంత్రికుణ్ణెప్పుడయ్యాను?"

"వాడే ఎక్కడో అనుంటాడు, మా బావ ఇంట్లో ఉంటే బిస్కెట్లు మాయమైపోతాయని. పాపం, ఆ పిల్లకి ఇంట్లో పెద్దవాళ్లుంటే ఇబ్బంది కాబోలు. కొన్నాళ్లు మీ చెల్లెలింట్లో ఉండండి."

"నిన్ను వదులుకోమనలేదా?"

"నేనేమన్నా ముసలిదాన్నా?"

కొన్ని ప్రశ్నలకు జవాబు చెప్పడం కంటే పెట్టె సర్దుకోవడమే సులభం. బావగారు లేచి సూట్‌కేసు దించారు.

ఈలోగా స్నానం ముగించి వచ్చిన తమ్ముడికి ఫోను కనిపించలేదు. అది అక్క దిండు కింద భద్రంగా ఉంది. "ఎక్కడికి పోతుందిరా, వెతికి ఉంచుతాలే, నువ్వు బయల్దేరు," అని ఆమె తరిమింది. మంత్రులు, వేగులు లేని మహారాజులా అతడు దుకాణానికి చేరాడు. అక్కడ యజమాని ఎదురొచ్చి భుజం తట్టాడు.

"చెప్పనేలేదేమయ్యా? మీ అక్కగారు ఫోన్ చేశారు. జోడీ కుదిరిందట కదా."

"నిజమా అండీ? అగ్నిపుత్రేనా?"

"పేరు కాస్త ఘాటుగానే ఉంది. అయినా నీకు నచ్చాలి గానీ."

"ఎంతకాలంగా చూస్తున్నానో మీకు తెలీదండీ. ఆమధ్య ఒకటి చేతిదాకా వచ్చింది. తీరా చూస్తే నకిలీ."

యజమాని భుజం తట్టిన చేతిని వెనక్కి తీసుకున్నాడు. "ఇంటికి వెళ్లు నాయనా. వాళ్లు మధ్యాహ్నమే వస్తున్నారట. మీ అక్కగారు సెలవడిగారు."

అతడు బస్సు కోసం నిలబడి ఉన్న సమయానికే ఇంటి గంట మోగింది. నిప్పుకోడి స్థూలకాయుడైన పళ్ల డాక్టరు. వెంట వచ్చిన పెద్దాయన వారి కార్డుల సంఘానికి న్యాయనిర్ణేత. మెడలో భూతద్దం వేలాడుతోంది. పిల్ల తండ్రి, తాతగారు అని అక్క నిశ్చయించుకుంది.

"అగ్నిపుత్రిని తీసుకురాలేదా అండీ?" అంది, కాఫీ ట్రేతో వస్తూ.

"తెచ్చానండీ, ముందు మీ మాంత్రికుణ్ణి చూశాక తీస్తాను," అన్నాడు డాక్టరు. "చాలా జాగ్రత్తగా ఉంచాను. ఒక్కరోజు కూడా ఎండ తగలనివ్వలేదు."

"ఇదివరకు ఎవరైనా చూసి వెళ్లారా?"

"అబద్ధమెందుకు, ఒకాయన వారం రోజులు ఇంట్లో ఉంచుకుని, నచ్చలేదని తిరిగిచ్చేశాడు."

ట్రే ఒక పక్కకు ఒరిగింది. అక్క తమ్ముడి వయసును స్మరించుకుని ఆ మాటను కూడా దిగమింగింది.

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "మాంత్రికుడి మీద మడతలేమైనా ఉన్నాయా అమ్మా?"

"వయసు కదండీ, ఉంటాయి."

"నీళ్లు తగిలాయా?"

"రోజూ స్నానం చేస్తారు."

అతిథులు ఒకరినొకరు చూసుకున్నారు. "అంచులు అరగలేదు కదా?" అన్నాడు డాక్టరు, ఈసారి మెల్లగా.

"మోకాళ్లు కొంచెం. ఉండండి, పిలుస్తాను."

బావగారు సూట్‌కేసుతో ప్రవేశించారు. జీవితమంతా అలవాటైన చెయ్యి కనుక పెద్దాయన భూతద్దం దానంతటదే కంటి దగ్గరికి వెళ్లింది. బావగారు ఆ పరీక్షకు నిశ్చలంగా నిలబడి, "ముందువైపు చూశారుగా, వెనక్కి తిరగమంటారా?" అన్నారు.

తమ్ముడు రొప్పుతూ లోపలికి వచ్చినది ఆ క్షణంలోనే. గది నిండా మనుషులు, మధ్యలో పెట్టెతో బావ. ఎవరు ఎవరికి ఏమి వివరించారో అంతా ఒకేసారి మాట్లాడడం వల్ల తెలియరాలేదు. చివరికి మాంత్రికుడి కార్డు ఒకవైపు నుంచి, అగ్నిపుత్రి కార్డు మరొకవైపు నుంచి బల్ల మీదికి వచ్చాయి. పెద్దాయన రెండింటినీ పరిశీలించి తల ఊపాడు. అతిథులు కాఫీ ముట్టకుండా, అక్క వైపు చూడకుండా నిష్క్రమించారు.

తమ్ముడు అగ్నిపుత్రిని రెండు చేతులతో ఎత్తి కళ్లారా చూసుకున్నాడు.

"దాన్నిలా ఇవ్వు," అంది అక్క.

"ఎందుకక్కా?"

"రేపు పెద్దత్తా వాళ్లూ పిల్లని చూడ్డానికొస్తున్నారు. పొద్దున్నుంచీ అందరికీ ఫోన్లు చేసి కూర్చున్నాను."

"రేపు నాకు పోటీ ఉంది. దీని కోసమే కదా ఇంత గొడవా. పిల్ల లేదు, బొమ్మ కార్డని చెప్పెయ్."

"నువ్వే చెప్పు. ఇదిగో ఫోను."

పెద్దత్త ముందు వంశంలో ఎవరూ వాక్యం పూర్తి చేసిన దాఖలా లేదు. అతడు ఫోను కలిపాడు. అవతలి నుంచి "ఎవరదీ?" అని వినిపించగానే పెట్టేశాడు.

"అక్కా, నీకు దణ్ణం పెడతాను."

"పెట్టినా అంతే. పిల్ల కుదిరిందన్నాను, కుదిరింది. చూపిస్తానన్నాను, చూపిస్తాను. మాట పోయాక నేను వాళ్ల మొహం ఎలా చూడను?"

"కార్డుని చూపిస్తావా?"

"పెళ్లికూతురు కార్డని చెప్పనుగా. అగ్నిపుత్రి అంటాను. వచ్చినవాళ్లే చూసుకుంటారు," అని ఆమె దానిని బీరువాలో పెట్టి తాళం వేసింది. తమ్ముడు సాయం కోసం బావగారి వైపు తిరిగాడు. ఆయన సూట్‌కేసులోంచి చొక్కాలు తీస్తూ, ఇటు చూడలేదు.

ఆదివారం పోటీకి కూర్చున్నప్పుడు అవకాశాలు గణించే యాప్ అగ్నిపుత్రి చేతికి వచ్చే అవకాశం సున్నా అని నిష్పక్షపాతంగా ప్రకటించింది. ప్రాణాల యాప్ అతడి ప్రాణాలను ఒక్కొక్కటిగా, ఏ పొరపాటూ లేకుండా తీసివేసింది. మొదటి రౌండులోనే అంతా ముగిసింది.

ఇంటికి వచ్చేసరికి చుట్టాలు వెళ్లిపోయారు. అక్క సోఫా కవర్లు సర్దుతూ ఎంతో తృప్తిగా కనిపించింది.

"ఫొటోలో పిల్ల అందరికీ నచ్చింది," అంది. "నీలో ఏం చూసి ఒప్పుకుందనే అడుగుతున్నారు."