వియోగ రుసుము

నా భార్య చనిపోయినందుకు బ్యాంకు ఆమె దగ్గర రుసుము వసూలు చేసింది. ఇందులో సందేహానికి చోటు లేదు. డబ్బు కట్టింది నేను, రసీదు ఆమె పేరు మీద ఉంది.

తెలియనివాళ్ళ కోసం మొదటినుంచీ చెబుతాను. నేను దర్జీని. చొక్కాలు నేను కుడితే కాజాలు, గుండీలు ఆమె కుట్టేది. ఇంటి మీద అప్పు ఇద్దరం కలిసి తీసుకున్నాం. కూరగాయలవాడికి చిల్లర బాకీ పడితే ఎండలో వెనక్కి నడిచి వెళ్ళి ఇచ్చి వచ్చే మనిషి ఆమె. వాయిదా తారీఖు దగ్గర పడుతోందంటే అన్నం సయించేది కాదు. అప్పు గడువు ఇంకా చాలా ఉండగానే జబ్బుచేసి పోయింది. ఆమె పేరు మీద బీమా డబ్బు వచ్చింది. ఆ డబ్బుతో మిగిలిన బాకీ మొత్తం తీర్చేద్దామని బ్యాంకుకు వెళ్ళాను.

అప్పు ఎగ్గొట్టేవాళ్ళంటే బ్యాంకుకు ఎంతో గౌరవం. ఫోన్లు చేసి కుశలం కనుక్కుంటుంది, ఇంటికి మనుషుల్ని పంపుతుంది, చివరికి సగం మాఫీ చేసి చేతులు కలుపుతుంది. అప్పు తీరుస్తానని వచ్చినవాణ్ణి చూస్తేనే దానికి అనుమానం. నన్ను ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు తిప్పి, ఆఖరికి మేనేజరు గదిలో కూర్చోబెట్టారు. మేనేజరు మంచివాడు. నా భార్య పోయిందని విని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకుని లెక్క కట్టాడు.

గడువుకు ముందే ఖాతాదారుడు వెళ్ళిపోతే బ్యాంకుకు రావలసిన వడ్డీ పోతుంది. ఆ దుఃఖానికి పరిహారమే వియోగ రుసుము. మనిషికి ఒకటి. మేమిద్దరం కాబట్టి రెండు. నా భార్య నాకంటే ముందే వెళ్ళిపోయింది కాబట్టి ఆమె రుసుము నా రుసుముకంటే ఎక్కువ. పైగా నెల రోజుల ముందు తెలియజేయకుండా వెళ్ళింది. అందుకు అపరాధ రుసుము వేరే.

"ఆవిడ ముందుగా ఒక్క ముక్క చెప్పి ఉంటే ఈ అపరాధ రుసుమైనా తప్పేదండీ," అన్నాడు మేనేజరు. నిజంగానే బాధపడుతూ అన్నాడు.

"నాకే చెప్పలేదు సార్," అన్నాను.

కట్టకపోతే ఇంటి కాగితాలు ఇవ్వరు. కట్టాను. కాగితాలతో పాటు కొత్త అప్పులకు సంబంధించిన రంగుల కరపత్రం కూడా ఇచ్చారు.

నా రుసుము మీరే ఉంచుకోండి, ఆమెది తిరిగి ఇవ్వండి, ఆమె మీ అప్పు వదిలి ఎక్కడికో పారిపోలేదు, చనిపోయింది అని పెద్దాఫీసుకు అర్జీ పెట్టాను. జవాబు అందమైన కాగితం మీద వచ్చింది. ఒక ఖాతాదారు సొమ్ము మరొకరి చేతికి ఇవ్వడం నిబంధనలకు విరుద్ధమనీ, మీ శ్రీమతిగారు స్వయంగా గుర్తింపు కార్డుతో హాజరైతే సానుభూతితో పరిశీలిస్తామనీ రాశారు. ఆమె ఆరోగ్యంగా ఉండాలని కూడా కోరుకున్నారు.

నా బావమరిది, అంటే ఆమె తమ్ముడు, అంతవరకు నన్ను తిడుతూ వచ్చాడు. మనిషి పోయిన ఇంట్లో రుసుము గురించి రభస ఏమిటని వాడి బాధ. ఒకరోజు ఎంత కట్టావని అడిగాడు. చెప్పాను. పడక్కుర్చీలో ఉన్నవాడు లేచి కూర్చున్నాడు. అక్కకు న్యాయం జరగాల్సిందేనన్నాడు. మర్నాడే నన్ను వెంటపెట్టుకుని వియోగ రుసుము బాధితుల సంఘంలో చేర్పించాడు.

సంఘం ఒక మందుల దుకాణం మేడమీద ఉంది. అధ్యక్షుడు బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయినవాడు. వియోగ రుసుమును కనిపెట్టింది ఆయనే. అందుకు ఆ రోజుల్లో ప్రమోషన్ కూడా వచ్చింది. రిటైరయ్యాక సొంత ఇంటి అప్పు తీర్చబోతే ఆయన దగ్గరా వసూలు చేశారు. ఆ పూటే ఆయనలో అంతరాత్మ మేలుకొంది.

"మిత్రులారా, ఈ రుసుము ఎంత దుర్మార్గమైనదో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఎందుకంటే దాన్ని రాసింది నేనే," అన్నాడాయన మొదటి సభలో. ఆ నిజాయితీకి జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అంత అనుభవం ఉన్న నాయకుడు మనకు దొరకడం అదృష్టమని నా పక్కనున్న లెక్కల మాస్టారు అన్నాడు. తిరిగి వచ్చే సొమ్ములో మూడో వంతు సంఘానికి చెందుతుందని ఏకగ్రీవంగా తీర్మానించాం. మధ్యలో సంఘం వదిలి వెళ్ళేవాళ్ళు రుసుము కట్టాలని కూడా తీర్మానించాం. లేకపోతే సంఘం ఎలా నడుస్తుంది?

పోరాటం ఘనంగా సాగింది. నినాదాలు రాసిన అట్టలు పట్టుకుని బ్యాంకు ముందు నిలబడ్డాం. ఎండగా ఉందని బ్యాంకువాళ్ళే గొడుగులు ఇచ్చారు. గొడుగుల మీద వాళ్ళ ప్రకటన ఉంది. పత్రికల్లో వచ్చిన ఫొటోల్లో అదే బాగా కనిపించింది. కొన్నాళ్ళకు బ్యాంకు దిగివచ్చింది. చనిపోయినవాళ్ళ రుసుము తిరిగి ఇస్తామని ప్రకటించింది.

ఒక చిన్న లాంఛనం మాత్రం ఉంది. రుసుము వెళ్ళిపోయినందుకు తీసుకున్నది. తిరిగి ఇవ్వాలంటే ఆ మనిషి వెళ్ళలేదని తేలాలి. కాబట్టి ఇంట్లోవాళ్ళు ఒక హామీపత్రం మీద సంతకం పెట్టాలి: ఫలానా మా బంధువు ఎక్కడికీ వెళ్ళలేదు, బ్యాంకు ఋణగ్రహీతగా ఇప్పటికీ కొనసాగుతున్నారు. ఋణగ్రహీతకు బ్యాంకు ఏ సొమ్ము ఇచ్చినా అది అప్పే అవుతుంది కనుక, తిరిగి ఇచ్చే రుసుము పోయినవాళ్ళ పేరు మీద కొత్త అప్పుగా రాసుకుంటారు. దానికి వడ్డీ ఉంటుంది. హామీగా ఇంటి కాగితాలు మళ్ళీ బ్యాంకులో పెట్టాలి.

ఇది చారిత్రక విజయమని అధ్యక్షుడు ప్రకటించాడు. మర్నాడు మేడ మెట్ల మీదనుంచి వీధి మలుపు దాకా వరస. లెక్కల మాస్టారు వాళ్ళ నాన్న ఎక్కడికీ వెళ్ళలేదని సంతకం పెట్టాడు. పట్నంలో పేరున్న డాక్టరు వాళ్ళ అమ్మ వెళ్ళలేదని పెట్టాడు. ఆవిడ పోయిందని ధ్రువీకరించిందీ ఆయనే. వాయిదాలు ఎవరు కడతారని ఒక ముసలాయన అడిగితే, అవి పోయినవాళ్ళ పేరు మీదే వస్తాయి కదా, మీకెందుకు బెంగ అని వరసలో అందరూ నవ్వారు.

నా పత్రం బావమరిది అప్పటికే నింపి ఉంచాడు.

"సంతకం పెట్టు బావా. వెనక జనం ఆగి ఉన్నారు."

"మీ అక్క అప్పులో ఉందని నేను రాసివ్వాలా?"

"ఊరికే కాగితం మీదే కదా. అక్కకేం తెలుస్తుంది?"

"ఒరేయ్, చివరిరోజున అది అడిగింది నీ గురించి కాదు, నా గురించీ కాదు. ఈ నెల వాయిదా కట్టావా అనడిగింది. కట్టానన్నాక కళ్ళు మూసింది."

 వాడు కలం మూత తీసి నా చేతిలో పెట్టాడు. దానికి మళ్ళీ మూత పెట్టి వాడి జేబులో పెట్టాను.

నా వల్ల సంఘం ఐక్యత దెబ్బతింటోందని అధ్యక్షుడు బాధపడ్డాడు. మెట్లు దిగుతుంటే కోశాధికారి వెనకే వచ్చి, సంఘం వదిలి వెళుతున్నందుకు రుసుము అడిగాడు. కట్టాను. ఒక్కణ్ణే కాబట్టి ఒకటే తీసుకున్నాడు.

ఇప్పుడు ఆ అధ్యక్షుడు అదే బ్యాంకుకు సలహాదారు. ఈ ఏడు ఒక్క ఖాతాదారు కూడా తమను వదిలి వెళ్ళలేదని బ్యాంకు గర్వంగా ప్రకటించుకుంది. మా వీధిలో పోయినవాళ్ళంతా అప్పుల్లో ఉన్నారు, ఉన్నవాళ్ళు కొత్త సోఫాల్లో కూర్చున్నారు. వరస ఇంకా నడుస్తోందట. మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు పోయే ఉంటారు. పొద్దున్నే వెళితే రద్దీ తక్కువ.

నా భార్య మాత్రం చనిపోయింది. ఎవరికీ బాకీ లేకుండా చనిపోయింది. బావమరిదితో ఈ మాట ఎత్తడం మానేశాను, ఇప్పుడు మీతోనూ మానేస్తున్నాను. ఇంకెప్పుడూ ఎవరూ నన్ను దీని గురించి అడగకండి.