పక్ జమ్హారి రంబాయ్ ఇంజను

పరిట్ తుజు ఊళ్లో అందరూ పక్, అంటే బాబాయ్, అని పిలిచే జమ్హారి ఆ శనివారం పొద్దున పెట్టుకున్న పని ఒక్కటే. కారు కడిగి, సంతకెళ్లి కాల్చిన చేప తెచ్చుకోవడం. కడగడం సగంలో ఉండగా కూతురు సుహైలా వచ్చింది.

"బాగా రుద్దు నాన్నా. మా ఫ్యాక్టరీవాళ్లు పదింటికి వస్తున్నారు, కారు చూడ్డానికి."

"ఏ కారు?"

"మనకేమన్నా రెండున్నాయా? నీ పేరు నేనే రాసిచ్చా."

జమ్హారి చేతిలో గుడ్డ బకెట్‌లో పడింది.

దేశంలో తయారయ్యే రంబాయ్ కార్లకు ఆయన పాతికేళ్లు ఇంజన్లు బిగించాడు. ఇప్పుడు సుహైలా అదే షెడ్డులో పనిచేస్తోంది. రంబాయ్ అమ్మకాలు పడిపోయాయి. ఇకమీదట ఇంజన్లు జపాన్ నుంచి తెప్పించి, షెడ్డు మూసేద్దామని పైవాళ్ల ఆలోచన. ఇరవై ఏళ్లుగా నడుస్తున్న, ఆ షెడ్డులోనే బిగించిన ఇంజను ఒక్కటి చూపిస్తే మళ్లీ ఆలోచిస్తామన్నారు. సుహైలాకూ, ఆమెతో పాటు నాలుగు వందల మందికీ అదే ఆఖరి ఆశ.

అయితే జమ్హారి రంబాయ్‌లోని ఇంజను తొమ్మిదేళ్ల కిందటే ఆగిపోయింది. జమ్హారికి బిగించడమే గాని విప్పడం రాదు. ఆ లెక్ అనే మెకానిక్ చూసి, "ఇది పోయింది" అన్నాడు. జపాన్ నుంచి సగానికి కోసి పంపే పాత మినాసె కార్లోంచి ఇంజనొకటి తెచ్చి పెట్టాడు. రంబాయ్‌కి మినాసె సొంత అక్క. బోల్టు కన్నాలతో సహా సరిపోయింది. పరాయి ఇంజను ముట్టనని టీకొట్లో రోజూ చెప్పుకునే మనిషి కనుక, జమ్హారి ఈ సంగతి ఎవరికీ చెప్పనని ఆ లెక్ చేత ఒట్టు వేయించుకున్నాడు. భార్య కల్సోమ్‌కి కూడా తెలియదు.

పదింటికి మూడు కార్లు వచ్చాయి. ముందు ఇంజనీరు హస్లిందా దిగింది, యాభై దాటిన పెద్దమనిషి, పట్టుబట్టల్లో. వెనక ఇద్దరు ఆడవాళ్లు. ఒకామె చేతిలో పూలు చుట్టిన పళ్లెం. అది కారు ముందు పెట్టి ఫొటో తీయడానికట. పరిట్ తుజులో పిల్లనడగడానికి వచ్చేవాళ్లు కూడా సరిగ్గా అలాగే వస్తారు.

"బోనెట్ ఎత్తుదామా పక్ జమ్హారి?"

"ముందు టీ తాగండి."

టీ అయింది. "ఇక చూద్దామా?"

"అరటిపండు బజ్జీలు వేగుతున్నాయి. తినకుండా లేస్తే మా ఇంటికి మాటొస్తుంది."

బజ్జీలు వేగేలోపు కబురు ఊరంతా తిరిగింది. ఒకావిడ కొబ్బరన్నం తెచ్చింది. ఇంకొకావిడ కోళ్లు కోయించింది. ఎవరూ అడక్కుండానే ఇద్దరు వాకిట్లో పందిరి గుంజలు పాతసాగారు. కల్సోమ్ మొగుణ్ని వంటింట్లోకి లాగింది.

"అబ్బాయేం చేస్తాడట?"

"ఏ అబ్బాయే?"

"పిల్ల పెళ్లి నా దగ్గరే దాస్తారా? ఇంకా ఏమేం దాచారో!"

జమ్హారి బజ్జీల పళ్లెం అందుకుని వాకిట్లోకి జారుకున్నాడు.

పక్క పొలం తాయిబ్ బురదకాళ్లతో, భుజాన పనసకాయతో పరిగెత్తుకొచ్చాడు. "సంతోషం పట్టలేక పంపు కూడా ఆపకుండా వచ్చేశా!"

ఐదో పళ్లెం దగ్గర హస్లిందా చెయ్యి కడిగేసుకుంది. "ఇంకో ముద్ద తింటే నేను వంగలేనండీ" అని తానే వెళ్లి బోనెట్ ఎత్తింది. చాలాసేపు చూసింది.

"ఇది మినాసె."

సుహైలా తండ్రి మొహంలోకి చూసింది. తిరిగి దూరంగా వెళ్లి నిలబడింది. నాలుగు మాటలంటే బాగుండుననిపించింది ఆయనకు.

"తొమ్మిదేళ్ల కిందటే చచ్చిపోయిందమ్మా అది" అన్నాడు జమ్హారి నేల చూస్తూ. "సిగ్గేసి చెప్పలేదు."

"మరి పెళ్లికొడుకు?" అంది కల్సోమ్.

"మేం ఇంజను కోసం వచ్చామమ్మా."

"ఆ ముక్క ముందే చెబితే నాలుగు కోళ్లు బతికేవిగా!"

హస్లిందా బోనెట్ దించింది. అప్పుడు పొలం వైపు నుంచి టకటకమని చప్పుడు వినిపించింది. హస్లిందా చెవి అటు తిప్పింది.

"ఏమిటది?"

"నా పంపండీ" అన్నాడు తాయిబ్. "ఆ లెక్ ఇచ్చాడు. తొమ్మిదేళ్లయింది, తుమ్మిన పాపాన పోలేదు."

అందరూ గట్టు మీదుగా నడిచారు. రెండు దుంగల మీద, గ్యాస్ బండకు గొట్టం తగిలించిన ఇంజను ఒకటి నీళ్లు తోడుతోంది. జమ్హారి బురద తుడిచాడు. పసుపు రంగు గీత బయటపడింది. ఒకప్పుడు తాను బిగించిన ప్రతి ఇంజను మీదా ఆయన పెట్టిన గుర్తు అది.

హస్లిందా నంబరు చూసుకుని, వేళ్ల మీద ఏదో లెక్కేసింది. "ఇది కార్లో ఉండుంటే ఈపాటికి భూమిని పదిహేనుసార్లు చుట్టొచ్చేది."

ఈలోగా ఆ లెక్ కూడా పెళ్లిభోజనానికి వచ్చాడు. జమ్హారి అతని మీదికి వెళ్లాడు. "పోయిందన్నావుగదరా!"

"అన్నాను. తర్వాత చూస్తే ఒక తీగ తెగిందంతే."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఎవరికీ చెప్పొద్దని నువ్వేగా ఒట్టు వేయించుకున్నావు?"

ఇంజను ఆ సాయంత్రమే ఫ్యాక్టరీకి వెళ్లింది. దాన్ని చూశాక పైవాళ్లు షెడ్డు మూసే మాట మానుకున్నారు. సుహైలా తండ్రితో మళ్లీ మాట్లాడింది. తాయిబ్ వరి ఎండకుండా, జమ్హారి కార్లోంచి మినాసెను విప్పి ఆ దుంగల మీద కూర్చోబెట్టారు. అది నీళ్లు తోడుతోంది గానీ, బురదంటే మూతి ముడుస్తుందని తాయిబ్ ఫిర్యాదు.

నెల తర్వాత ఫ్యాక్టరీలో సన్మానం. తొమ్మిదేళ్లు ఉన్నచోటే నడిచిన ఇంజను పక్కన నిలబడి ఫొటో దిగడానికి, పక్ జమ్హారి బస్సులో వెళ్లాడు.