మా ఊళ్లో భూమి గట్టిగా లాగుతుంది

కాలేజీ ల్యాబుకి తాళం వేసి ఉండడాన్ని మించి విద్యార్థికి మేలు చేసేది ఈ లోకంలో మరొకటి లేదని నేను ఘంటాపథంగా చెబుతున్నాను. నమ్మనివాళ్లు ఒక్కసారి మా ఊరు రండి. మా వంటింటి కిటికీలోంచి చూస్తే కాలేజీ ఫిజిక్సు ల్యాబు తలుపు కనిపిస్తుంది. పదహారేళ్లుగా అది తెరుచుకోవడం నేను చూడలేదు.

ఎందుకు తెరవరంటారా? స్టాకు రిజిస్టర్లో ఉన్న సామాను గదిలో లేదు. గదిలో ఉన్న సామాను రిజిస్టర్లో లేదు. తలుపు తీసినవాడు సంతకం పెట్టాలి, సంతకం పెట్టినవాడు జవాబు చెప్పాలి. కాబట్టి వచ్చిన ప్రతి లెక్చరరూ తాళాన్ని ఒకసారి లాగి చూసి, గట్టిగానే ఉందని తృప్తిపడి, వెళ్లిపోతుంటారు.

ఎన్ని లాభాలో చూడండి! పదహారేళ్లలో ఒక్క గాజు గొట్టం పగల్లేదు. ఒక్క పిల్లవాడికి షాకు కొట్టలేదు. ఒక్క తల్లీ యాసిడ్ పడి చిల్లుపడ్డ చొక్కాకి అతుకు వెయ్యలేదు. ఆమధ్య తనిఖీకి వచ్చిన కమిటీవారు తలుపుకి వేసిన కొత్త రంగు చూసి, పరికరాలను చక్కగా భద్రపరిచారని మెచ్చుకుంటూ రాసి వెళ్లారు. ఇంతకంటే ఎలా భద్రపరుస్తారండీ?

ప్రయోగాలు లేకపోతే పిల్లలు రికార్డు ఎలా రాస్తారని మీకు సందేహం రావచ్చు. ప్రయోగం చేసి, వచ్చిన అంకెలు రాసుకునే పుస్తకం కదా రికార్డంటే! ఆ బెంగ మాకు లేదు. బస్టాండు పక్కన జిరాక్సు షాపు ఉంది. దాని యజమానిని ఊరంతా ప్రొఫెసర్ అంటారు. ఆయన దగ్గర ఒక తల్లి రికార్డు ఉంది. ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో తెలియదు. ఏటా నూటపది మంది దాన్నే జిరాక్సు తీయించుకుని, ముత్యాల్లాంటి అక్షరాలతో ఎక్కించుకుంటారు. బొమ్మలకి రంగు పెన్సిళ్లు కూడా ఆయనే అమ్ముతారు. జీతం తీసుకోకుండా ఇంతమందికి సైన్సు చెబుతున్న మనిషి ఇంకెవరున్నారు?

ఆ తల్లి రికార్డులో మొదటి ప్రయోగం లోలకం. దారానికి గుండు కట్టి, ఇరవై ఊపులకి ఎంతసేపు పట్టిందో చూసి, భూమి వస్తువుల్ని ఎంత గట్టిగా లాగుతోందో లెక్క కడతారు. సెంటీమీటర్ల లెక్కలో, ప్రపంచంలో దాదాపు ఎక్కడ చేసినా 978కి అటూ ఇటూగా వస్తుందట. మా ఊళ్లో మాత్రం 1083.

మొదట నేనూ తప్పనుకున్నాను. నేను చదివింది బి.ఏ. కదా, తొందరపడి అలా అనుకున్నాను. తర్వాత ఊరి చుట్టూ చూశాను. కాలేజీ ఆఫీసులో కింది బల్ల మీది ఫైలు పై బల్ల మీదికి లేవదు. టీ బడ్డీ ముందు బెంచీ మీద ఉదయం కూర్చున్న కుర్రాళ్లు సాయంత్రం దాకా లేవరు. డిగ్రీ పట్టా పుచ్చుకున్నవాడు పట్టుమని పదడుగులు పైకి వెళ్లలేడు. భూమి ఇంత గట్టిగా లాగుతుంటే పాపం, ఎలా లేస్తారు? అంకె సరైనదే!

ఇంత ప్రశాంతమైన ఊరికి ఈ ఏడాది ఒక పిల్ల వచ్చింది. మా మేడమీద గదిలో అద్దెకుంటోంది. తండ్రి తాపీమేస్త్రి. క్లాసులో ఆ అమ్మాయిని అనుమానం అని పిలుస్తారట. పేరుకి తగ్గట్టే ఒకనాడు రికార్డూ పాఠ్యపుస్తకమూ పట్టుకుని మెట్లు దిగింది. పుస్తకంలో ఒక అంకె, రికార్డులో ఒక అంకె ఉన్నాయి, ఏది రాయమంటారని అడిగింది.

"అందరూ ఏది రాస్తే అదే రాయమ్మా," అన్నాను. పెద్దవాణ్ని, మంచి మాట చెప్పడం నా ధర్మం.

ఆ పిల్ల వినలేదు. సెలవుకి ఇంటికెళ్లి, గోడ నిటారుగా ఉందో లేదో చూడడానికి మేస్త్రీలు దారానికి కట్టి వేలాడదీసే ఇనప గుండు తెచ్చుకుంది. మా మెట్ల కిందున్న కొక్కేనికి కట్టింది. సెకన్ల ముల్లున్న గడియారం కావాలంది. మా ఆవిడ చేతి గడియారం అల్మారాలో ఉంది. ఆవిడ పోయాక దానికి ఎవరూ కీ ఇవ్వలేదు. ఇచ్చి చూశాను. ఒక్క క్షణం ఆలోచించి, కదిలింది. మనిషికి ఇలాంటివి కొన్ని మిగులుతుంటాయి.

పదిసార్లు చేసింది. పదిసార్లూ 978 చుట్టూనే వచ్చింది. 977 అని రికార్డులో రాసేసింది.

లెక్చరర్ గారు ఎర్ర సిరాతో కొట్టేశారు. సోమవారంలోగా 1083 అని మార్చి తెస్తేనే సంతకం, సంతకం ఉంటేనే ప్రాక్టికల్ పరీక్ష, పరీక్ష రాయకపోతే ఏడాది పోయినట్టే. ఆ పిల్ల ఏడాదిని నిలబెట్టడానికి తండ్రి ఎన్ని గోడలు కట్టాలో నాకు తెలుసు. వెంటబెట్టుకుని కాలేజీకి వెళ్లాను.

లెక్చరర్ గారు ముప్పై ఏళ్లవాడు, మర్యాదస్తుడు. నాకు కుర్చీ వేశారు.

"మీరే చెప్పండి పెద్దాయనా. ఈ ఒక్కదాని మీద సంతకం పెడితే, మిగతా నూటపదీ తప్పని నేనే ఒప్పుకున్నట్టు కాదూ?"

ఎంత గట్టి తర్కం! నేను తల ఊపాను. ఆ పిల్ల ఊపలేదు.

"మా నాన్న ఇరవై ఏళ్లుగా గోడలు కడుతున్నాడు సార్. గోడకీ గుండుకీ తేడా వస్తే గోడే విప్పుతాడు."

లెక్చరర్ గారు ఎర్ర పెన్నుకి మూత పెట్టేశారు. ఆదివారం ఆయనే మా ఇంటికొచ్చి, ప్రయోగం చేసి చూపించి, పిల్ల తప్పేమిటో తేల్చి, ఏడాది పోకుండా కాపాడతానన్నారు.

అన్నట్టే వచ్చారు. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, చొక్కా చేతులు మడిచి, మెట్ల కింద వంగి నిలబడ్డారు. గుండుని పక్కకి లాగి పట్టుకున్నారు. గడియారం నా చేతికిచ్చి, ఆయన చెప్పినప్పుడు చూడమన్నారు. గుండు వదులుతూ, "ఒకటి" అన్నారు. ఇరవై దాకా లెక్కపెట్టారు. కాగితం మీద లెక్క వేశారు. 1081.

ఆయన ముఖం వెలిగిపోయింది. కాగితం ఆ పిల్ల ముందు పెట్టారు.

ఆ పిల్ల కాగితం చూడలేదు. గుండు వైపే చూస్తూ, నెమ్మదిగా అంది:

"వదిలేటప్పుడు సున్నా సార్. వెళ్లి తిరిగొస్తే ఒకటి. మీరు ఇరవై అనేసరికి అది ఊగింది పందొమ్మిదిసార్లే."

ఆయన పెదాలతో ఏదో లెక్కపెట్టుకున్నారు. మళ్లీ వంగి, గుండు వదిలి, ఈసారి "సున్నా" అన్నారు. 976 వచ్చింది. మూడోసారి చేశారు. నాలుగోసారి ఎవరికి చూపించడానికో నాకు తెలియదు. చిన్నపిల్లాడిలా నేల మీద గొంతుక్కూర్చుని, గుండు ఊగుతుంటే దాని వెంటే తల ఊపుతున్నారు.

"నేనూ ఈ కాలేజీలోనే చదివాను పెద్దాయనా," అన్నారు, మా వైపు చూడకుండా. "అప్పటికే తాళం వేసుంది."

రికార్డు తీసి, కొట్టేసిన 977 పక్కన సంతకం పెట్టారు. విషయం మన ముగ్గురి మధ్యే ఉండనివ్వమని బతిమాలుకుని వెళ్లారు. ఉండనిస్తానని ఒప్పుకున్నాను. అందుకే ఊరి పేరు రాయలేదు.

సోమవారం ఆయనే కాలేజీలో మిగతా నూటపది 1083ల మీదా వరసగా సంతకాలు పెట్టారట.

కాబట్టి అధికారులకి నా మనవి ఒక్కటే. దయచేసి ఆ తలుపు తెరవకండి. మూసి ఉంది గనక ఈ ఏడాది ఒక్క పిల్లే చెడిపోయింది, లెక్చరర్ గారిని కలుపుకుంటే ఇద్దరు. అదే తెరిచి ఉంటే నూట పన్నెండు మందీ చెడిపోయేవారు!