కొంగల జట్టుకు తలనీలాలు

ఆ శనివారం ఉదయానికి పాండురంగం వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ కలుపుకోవాలి. లాప్‌టాప్ తెరిచి, అమెరికాలో బేస్‌బాల్ జట్లవాళ్లు ఏటా డిసెంబరులో ఒక హోటల్లో కూడి ఆటగాళ్లను కొనీ, అమ్మీ, మార్చుకునే సంత గురించి ఇద్దరు వ్యాఖ్యాతలు గంటసేపు కొట్లాడుకుంటుంటే వినాలి. ఆ తర్వాత భార్య విమలను కరివేపాకు కోసం కొట్టుకు తీసుకుపోవాలి. ఇందులో ఎవరికీ హాని లేదు. ఇంగ్లండులోని స్విండన్‌లో వాన కూడా ఆ రోజు మామూలుగానే పడుతోంది.

వరంగల్‌లో పుట్టి, స్విండన్‌లో ఒక బీమా కంపెనీ ఐటీ విభాగంలో పనిచేసే మనిషికి బేస్‌బాల్ పిచ్చి ఎందుకు పట్టిందంటే, తప్పు కంపెనీదే. చాలా ఏళ్ల కిందట అది అతన్ని ప్రాజెక్టు మీద మిల్‌హేవెన్ అనే అమెరికా ఊరికి పంపింది. ఆ ఊళ్లో చలి, ఒక సరస్సు, హెరాన్స్ అనే బేస్‌బాల్ జట్టు తప్ప చెప్పుకోదగ్గవి లేవు. హెరాన్ అంటే కొంగ. పాండురంగం మొదటిసారి ఎవరో ఊరికే ఇచ్చిన టికెట్టుతో ఆట చూడబోయాడు, రెండోసారి సొంత డబ్బుతో పోయాడు, ప్రాజెక్టు ముగిసి తిరిగొచ్చేటప్పుడు మనసును అక్కడే వదిలేసి వచ్చాడు. అప్పటినుంచి ఆ జట్టు అతనికి "మా కొంగలు".

మా కొంగలకు గెలవడం పెద్దగా అలవాటు లేదు. అలాంటి జట్టును నమ్ముకున్నవాడికి సుఖమంతా ఆట లేని నెలల్లోనే ఉంటుంది. సీజన్లో కొంగలు అందరి చేతిలోనూ ఓడిపోతాయి, ఆఫ్‌సీజన్‌లో ఎవరి చేతిలోనూ ఓడవు. అక్టోబరు నుంచి మార్చి దాకా పాండురంగం ఆ జట్టును మనసులోనే నడిపేవాడు. రెండో బేస్ దగ్గర నిలబడే కుర్రాడు బుద్ధిమంతుడే కాని బంతి వచ్చే వేళకు అక్కడ ఉండడు, వాణ్ని అమ్మెయ్యాలి. యజమాని పిసినారి, వాణ్ని అమ్మడానికి వీల్లేదు. జట్టంతటికీ దిక్కు ఒక్కడే, ఎమీలియో బర్గోస్ అనే ఎడమచేతి వాటం బౌలరు. బౌలరు అనకూడదు, పిచర్ అనాలి. కాని స్విండన్‌లో ఆ మాట ఎవరికీ ఎక్కదు. పాండురంగం ఒకసారి తన మిత్రుడు తిరుపతయ్యకు ఈ ఆట గొప్పతనం ముప్పావుగంట వివరిస్తే, ఆయన ఓపిగ్గా విని, ఎన్ని ఓవర్లని అడిగాడు.

ఆ బర్గోస్‌కు ఇప్పుడు ఒప్పందం ముగిసింది. డబ్బున్న జట్టు ఒకటి అతని వెంట పడుతోంది. పైగా ఎడమ భుజంలో నొప్పి అని వార్త. బర్గోస్ ఉంటే ఇంకో ఇద్దరిని తెచ్చుకుని వచ్చే ఏడు తల ఎత్తుకోవచ్చు, పోతే మాత్రం కొంగల సంగతి ఇంతే. వారం రోజులుగా పాండురంగానికి అన్నం సయించడం లేదు. ఆ భుజం గురించి చదివినప్పుడల్లా తనకు తెలియకుండానే కుడిచేత్తో తన ఎడమ భుజం నిమురుకునేవాడు.

కాఫీ కప్పుతో హాల్లోకి పోతూ పూజ అలమర దగ్గర ఆగాడు. విమల అప్పుడే దీపం పెట్టి వంటింట్లోకి వెళ్లింది. పెళ్లయిన ఇన్నేళ్లలో పాండురంగం ఆ అలమర ముందు తనంతట తాను నిలబడ్డది లేదు. కాని అవసరం అలాంటిది. కప్పు కింద పెట్టి, చేతులు జోడించి, బర్గోస్ మన దగ్గరే ఉండిపోతే తలనీలాలు ఇస్తానని ఏడుకొండలవాడికి మొక్కుకున్నాడు. చివరి ముక్క కాస్త పైకే వచ్చింది. కళ్లు తెరిచేసరికి అగరుబత్తి పట్టుకుని విమల ఎదురుగా ఉంది.

"తలనీలాలా? దేనికండీ?"

బేస్‌బాల్ చానెళ్లకు కట్టే డబ్బు గురించి ఆ ఇంట్లో అప్పటికే ఒకసారి యుద్ధం జరిగి ఉంది. పాండురంగం తోచిన మాట అన్నాడు. "మొక్కు బయటికి చెప్పొద్దు విమలా. చెప్తే ఫలించదు."

అబద్ధాల్లో అది చిన్నదే. విమల ఇంకేమీ అడగలేదు, అక్కడే వచ్చింది చిక్కు. అడిగి ఉంటే కసురుకుని బయటపడేవాడు. ఆమె వంటింట్లోకి పోయి, స్టవ్ ఆపి, వారం రోజుల సంగతులు ఒకచోట చేర్చుకుంది. అన్నం తినడం లేదు. నిట్టూరుస్తున్నాడు. ఎడమ భుజం నిమురుకుంటున్నాడు. దేవుడంటే గిట్టని మనిషి గుండు మొక్కుకున్నాడు. ఎడమ భుజానికీ గుండెకూ ఉన్న సంబంధం ప్రపంచంలో ప్రతి ఇల్లాలికీ తెలుసు. కరివేపాకు సంగతి ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు.

విమల తిరుపతయ్య భార్య కాంతానికి ఫోన్ చేసి, ఎవరికీ చెప్పొద్దని చెప్పి, చెప్పింది. కాంతం మాట నిలబెట్టుకునే మనిషి. తెలిసి తీరాల్సినవాళ్లకు తప్ప ఎవరికీ చెప్పలేదు. స్విండన్ తెలుగువాళ్లలో తెలియనక్కర్లేనివాళ్లు ఎవరూ ఆమెకు తోచలేదు. సాయంత్రానికి ఇంట్లో ఉప్పు లేని కూరల డబ్బాలు పేరుకున్నాయి. పాండురంగం కారులోంచి బియ్యం సంచి దింపబోతే పక్కవీధి నుంచి ఎవరో పరుగెత్తుకొచ్చి లాక్కున్నారు.

సోమవారం పొద్దున ఎనిమిది కొట్టగానే విమల సర్జరీకి, అంటే అక్కడి పేట డాక్టరు క్లినిక్కుకు, ఫోన్ చేసింది. డాక్టరు అపాయింట్‌మెంట్ కోసం రెండు వారాలు ఆగడం అలవాటైన ఊళ్లో, ఎడమ భుజం అనగానే ఆ పూటే రమ్మన్నారు. డాక్టరు పాండురంగం చేతికి పట్టీ చుట్టి గాలి కొడుతుండగా జేబులో ఫోన్ వణికింది. ఇంకో చేత్తో తీసి చూశాడు. డబ్బున్న జట్టు బర్గోస్‌కు ఐదేళ్ల ఒప్పందం ఇవ్వజూపిందట. డాక్టరు యంత్రంలో అంకె చూసి, పాండురంగం మొహం చూసి, మళ్లీ అంకె చూశాడు. మనసులో ఏమైనా ఆందోళన ఉందా అని మెల్లగా అడిగాడు. లేదని పాండురంగం అన్నాడు. ఉందని విమల అంది. హిందువులు తలవెంట్రుకలు దేవుడికి ఎప్పుడు ఇస్తారో, ఎందుకు ఇస్తారో డాక్టరుకు ఇంగ్లీషులో విడమర్చి చెప్పింది. ఆయన శ్రద్ధగా విని, గుండె పరీక్షకు ఆస్పత్రికి రాసిచ్చాడు. పరీక్ష ఆ శుక్రవారానికే కుదిరింది.

ఆఫీసులో పక్క సీటు ఫయాజ్ అప్పటికే సెలవురోజుల డ్యూటీ పట్టికలో పాండురంగం పేరు కొట్టేసి తన పేరు రాసుకున్నాడు. మేనేజరు ఎదురుపడినప్పుడల్లా గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. పాండురంగం ఫయాజ్‌ను క్యాంటీనుకు తీసుకుపోయి, నాకేం కాలేదురా అని చెప్పి చూశాడు.

"అందరూ గిట్లనే అంటరు భాయ్," అన్నాడు ఫయాజ్. "మా మామ కూడ గిట్లనే అన్నడు. నువ్వు ఫికర్ చెయ్యకు. జుమ్మా నాడు మసీదుల నీ కోసం దువా చేపిస్త."

అలా ఒక్క బర్గోస్ కోసం మొదలైన ప్రార్థన రెండు మతాలకూ పాకింది. చిలికి చిలికి గాలివాన అయిందని పాండురంగానికి అప్పటికి అర్థమైంది. నిజం చెప్పేయాలని బుధవారం నిశ్చయించుకున్నాడు. ముందు తిరుపతయ్యకు చెప్పి, ఆయన చేత విమలకు చెప్పించాలని ఉపాయం. ఫోన్ తీసేలోపే కాలింగ్ బెల్ మోగింది. గుమ్మంలో ఉన్నిటోపీ పెట్టుకున్న మనిషెవరో నిలబడి ఉన్నాడు. టోపీ తీశాక గాని అది తిరుపతయ్య అని తెలియలేదు.

తిరుపతయ్య జుట్టు గురించి ఒక మాట చెప్పాలి. యాభై దాటినా వత్తుగా ఉన్న జుట్టు స్విండన్ తెలుగువాళ్లలో ఆయన ఒక్కడిదే. నెలకోసారి రంగు, వారానికోసారి కొబ్బరినూనె, ఫొటో తీస్తామంటే జేబులోంచి దువ్వెన. ఇప్పుడా తల మీద దీపం వెలుగు పడి మెరుస్తోంది.

"నువ్వు మొక్కినవని కాంతం చెప్పింది తమ్మీ," అన్నాడు ఆయన సోఫాలో కూర్చుంటూ. "మనసున వట్టలే. టర్కీవాని కటింగ్ షాపుకు పోయి ముందుగాల్నే ఇచ్చేసిన. ఇగ దేవుడు మాట తప్పడానికి లేదు."

పాండురంగం ఆయన పక్కన కూలబడ్డాడు. తనకోసం ఇంత చేసినవాడు ఊళ్లోనే కాదు, బంధువుల్లో కూడా లేడు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. "అన్నా, నీకొక మాట చెప్పాలె. ఆ మొక్కు..."

తిరుపతయ్య చెయ్యి ఎత్తి ఆపాడు. "చెప్పకు. చెప్తే ఫలించదంట గదా."

తాను తీసిన గోతిలో తానే పడటం అంటే ఏమిటో పాండురంగానికి అంతకు ముందు పుస్తకాల్లోనే తెలుసు. ఆ గుండును చూస్తూ, ఇది కొంగల కోసమని చెప్పగల ధైర్యం అతనికి లేదు, ఇంకెవరికైనా ఉంటుందనుకోవడం కూడా కష్టం.

శుక్రవారం ఆస్పత్రిలో ఛాతీకి వైర్లు తగిలించి అతన్ని ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించారు. సరిగ్గా ఆ వేళకే మిల్‌హేవెన్‌లో బర్గోస్ భుజానికి స్కాన్ తీస్తున్నారు. అది బాగుంటే కొంగల యజమాని కూడా అవే ఐదేళ్లకు సంతకం పెడతానన్నాడు, బాగా లేకపోతే ఎవరూ పెట్టరు. పాండురంగం తన గుండె గురించి కాక ఆ భుజం గురించి ఆలోచిస్తూ, ఆపమన్నా ఆగకుండా పరుగెత్తాడు. గుండె నిక్షేపంగా ఉందని, కాఫీ కాస్త తగ్గించమని చెప్పి డాక్టరు పంపేశాడు. వరండాలోకి రాగానే ఫోన్ మోగింది. స్కాన్ శుభ్రంగా ఉంది. బర్గోస్ ఐదేళ్లు కొంగలతోనే.

పాండురంగం ఆస్పత్రి వరండాలో నిలబడి ఏడ్చాడు. రిపోర్టు చేత్తో పట్టుకుని విమల కూడా ఏడ్చింది. ఇద్దరూ చేతులు పట్టుకుని, వేరువేరు సంగతులకు, సమానంగా సంతోషపడ్డారు. ఆమె అరచెయ్యి ఇంకా చల్లగా ఉంటే, వారం రోజులు ఈ మనిషి ఎంత భయపడిందో పాండురంగానికి మొదటిసారి తెలిసింది. అప్పుడు మాత్రం అతను నిజంగానే ఆమె కోసం ఏడ్చాడు.

ఆదివారం ఇంట్లో సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నారు. పాండురంగం కూడా టర్కీవాడి షాపుకు పోయి గుండు చేయించుకుని, వెంట్రుకలు కవర్లో దాచాడు, ఎవరైనా తిరుపతి వెళ్లేటప్పుడు పంపడానికి. రెండు గుండ్లు పక్కపక్కన పీటల మీద కూర్చున్నాయి. హాలు నిండా జనం. కథ అయింది, ప్రసాదం పంచబోతుండగా విమల గొంతు సవరించుకుంది.

"నేను గూడ ఒకటి మొక్కుకున్న," అంది. "పరీక్షల ఏం లేదని వస్తే, కాశీకి పోయినోళ్లు వదిలిపెట్టినట్టు, ఈయనకు అన్నిటికన్న ఎక్కువ ఇష్టమైనది జన్మంత వదిలిపెట్టిస్తనని. మటన్ అనుకుంటున్న. ఏమంటరు?"

పాండురంగం గుండె ట్రెడ్‌మిల్ మీద కూడా అంత కొట్టుకోలేదు. మటన్ అనిపించుకుంటే గండం గడిచినట్టే. తగినంత విచారంగా మొహం పెట్టి, ఒక నిట్టూర్పు విడిచి, "ఏం చేస్తం, మటనే," అన్నాడు. అందరూ అయ్యో అన్నారు. కాంతం కళ్లు ఒత్తుకుంది.

పాండురంగం, విమలల కూతురు సాత్విక మెట్ల మీద కూర్చుని ఉంది. స్విండన్‌లోనే పుట్టిన పిల్ల; తెలుగంతా అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో ఇస్తుంది. "మటన్ కాదు మమ్," అనేంతవరకు తెలుగులోనే అని, మిగతాది తన భాషలో పూర్తి చేసింది. "ఇట్స్ బేస్‌బాల్. ఆబ్వియస్లీ."

విమల భర్త వైపు తిరిగింది. ఆమె గొంతులో కోపం లేదు. "నిజమా? దేవుని ముంగట చెప్పుండ్రి."

ముందు నుయ్యి, వెనుక గొయ్యి. కాదు అనడానికి పాండురంగం నోరు తెరిచాడు. ఎదురుగా పటంలో ఏడుకొండలవాడున్నాడు. అడిగిన వారంలోనే బర్గోస్‌ను ఇచ్చిన స్వామి. వడ్డీకాసులవాడు; ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోవడమూ తెలిసినవాడు. ఆయన ముందు అబద్ధమాడితే తన నెత్తిన ఏం పడుతుందో అన్న చింత పాండురంగానికి లేదు. కాని అక్కడ ఒక ఎడమ భుజం ఉంది, ఇప్పుడిప్పుడే నయమైంది, ఇంకా ఐదేళ్లు పనిచెయ్యాలి. బర్గోస్‌ను చూసుకోవాలంటే ఆ భుజం ఉండాలి. ఆ భుజం ఉండాలంటే తాను చూడకూడదు.

"బేస్‌బాలే," అన్నాడు.

ఆ సాయంత్రమే సాత్విక అతని ఫోన్లోంచి అన్నీ తీసేసింది. చానెళ్ల డబ్బు మిగిలిందని విమల లోలోపల కొంచెం సంతోషించింది, తర్వాత జాలిపడి వారానికి రెండుసార్లు మటన్ వండింది. పాండురంగం తిన్నాడు. తన మొక్కు దేనికోసమో ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడం ఒక్కటే ఇప్పుడు కొంగల కోసం అతను చేయగలిగింది.

తమ్ముడు అంతగా వదులుకున్నది ఏమిటో చూద్దామని తిరుపతయ్య వేసవిలో తానే చానెల్‌కు డబ్బు కట్టి, సాత్విక పక్కన కూర్చుని ఒక ఆట చూశాడు. తర్వాత ఇంకొకటి చూశాడు, ఫయాజ్‌ను పిలిచాడు, ఫయాజ్ ఇంకొందరిని పిలిచాడు. పాండురంగం గదిలోకి వస్తే టీవీ కట్టేసి క్రికెట్ గురించి మాట్లాడుకునేవాళ్లు. ఆ అక్టోబరులో, బర్గోస్ చివరి బంతి విసిరినాక, కొంగలు కప్పు గెలిచాయి. స్విండన్ తెలుగువాళ్లలో ఆ సంగతి తెలియనివాడు పాండురంగం ఒక్కడే. అతని మొక్కు చెడకూడదని అందరూ చాలా జాగ్రత్తపడ్డారు.