పాల తెలుపు, సుద్ద తెలుపు

ఆ రోజు పొద్దున్న పెట్టుకున్న పని చిన్నదే. గుండె డాక్టరుగారి క్లినిక్కులో రోగులు కూర్చునే హాలుకు తెల్లరంగు కలిపి, పదింటికల్లా ఆరు డబ్బాలు పంపాలి. రంగుల దుకాణంలో ముప్పయ్యేళ్లుగా రంగులు కలుపుతున్న పెద్దాయనకు అది ఎడమచేతి పని. దుకాణంలో అందరూ ఆయన్ను 'కన్ను బాబాయ్' అంటారు. రంగు కలిపే యంత్రం వచ్చి నాలుగేళ్లయినా ఆయన దాన్ని భోజనం డబ్బా పెట్టుకోవడానికి తప్ప మరెందుకూ వాడలేదు. తెలుపులోనే పదిహేడు రకాలున్నాయని ఆయన లెక్క. మిగతా మనుషులకు ఒక్కటే కనపడటం వాళ్ల ఖర్మ అని ఆయన అభిప్రాయం.

పైగా ఆ డాక్టరు ఆయనకు ప్రాణదాత. ఆర్నెల్ల క్రితం గుండె లయ తప్పి కళ్లెం తెంచుకున్న గుర్రంలా పరిగెడుతుంటే దాన్ని దారిలో పెట్టింది ఆయనే. అందుకని ఈ ఆరు డబ్బాలూ ప్రాణం పెట్టి కలపాలనుకున్నాడు బాబాయ్. పొద్దుటి మాత్రలు మింగి, గ్లాసు కింద పెట్టి తలెత్తేసరికి వంటింటి గుమ్మంలో భార్య నిలబడి ఉంది. ఆమె ముఖం పసుపుపచ్చగా ఉంది.

కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు. ముఖమే కాదు, కళ్లలో తెల్లగుడ్లు కూడా పచ్చగా ఉన్నాయి. ఆమె వెనక కిటికీలోంచి ఎండ పడుతోంది. తల చుట్టూ మసగ్గా ఒక వెలుగు వలయం. ఆమె అడుగు వేస్తే అదీ అడుగు వేసింది. పాతికేళ్లు కాపురం చేసిన మనిషి, చెప్పకుండా ఎక్కడికో బయల్దేరడానికి సిద్ధమై నిలబడ్డట్టు ఆయనకు తోచింది.

"ఏంటండీ, దెయ్యాన్ని చూసినట్టు చూస్తున్నారు?"

"నీకు ఒంట్లో బాగానే ఉందా?"

"నాకేం, గుండ్రాయిలా ఉన్నాను. మీరే నాలుగు రోజుల్నుంచి సరిగ్గా తినట్లేదు."

"నా సంగతి వదిలెయ్. ఇవాళ్టి నుంచి నువ్వు నూనె ముట్టుకోకు. నీకు కామెర్లు."

ఆ కంగారులోనే దుకాణానికి వెళ్లి తెల్లరంగు డబ్బా మూత తీశాడు. అదీ పచ్చగానే ఉంది. రెండో డబ్బా, మూడో డబ్బా, అన్నీ అంతే. కంపెనీవాడు మోసం చేశాడని తేల్చుకున్నాడు. తన కన్ను మోసం చేస్తుందన్న ఆలోచన ఆయన బుర్రలోకి రావడానికి దారే లేదు. పసుపును చంపాలంటే నీలం వెయ్యాలి. ఒక చుక్క వేశాడు, చాల్లేదు. పది వేశాడు. చివరికి చెంచాతో పోశాడు.

"బాబాయ్, కాస్త నీలం కొడుతోందేమో?" అన్నాడు దుకాణం యజమాని, వయసులో చిన్నవాడు.

"కన్ను నీదా, నాదా?"

యజమాని డబ్బాలకు మూతలు పెట్టించాడు. డబ్బాలు వెళ్లిపోయాయి.

మర్నాడు భార్యను రక్తపరీక్షకు లాక్కెళ్లాడు. కామెర్లు లేవని వచ్చింది. ఆయన రిపోర్టు వంక చూశాడు, కాగితం పచ్చగా ఉంది. ఇచ్చినామె వంక చూశాడు, ఆమె అంతకన్నా పచ్చగా ఉంది.

"ఈవిడకే కామెర్లున్నాయి. ఈవిడ రిపోర్టు నమ్ముతావా?" అని భార్య చెవిలో అన్నాడు, నలుగురికీ వినపడేంత మెల్లగా.

పరీక్షలామెకు ఒళ్లు మండింది. "పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనపడుతుందంటారు. ముందు మీరు చేయించుకోండి!"

చేయించుకున్నాడు. ఆయనకూ లేవు. సామెత కూడా ఓడిపోయింది.

ఇక ఆయనకు మిగిలింది ఒక్కటే అర్థం. అది జబ్బు కాదు, పిలుపు. వైద్యానికి అందని చోటి నుంచి ఆమెకు పిలుపొచ్చింది, ఆ సంగతి తన కంటికి మాత్రమే కనపడింది. అప్పట్నుంచి ఆమె ఏ గదిలోకి వెళ్తే ఆ గదిలోకి చప్పుడు చేయకుండా వెళ్లేవాడు. ఆమె బట్టలు మడతపెట్టి వెనక్కి తిరిగితే తలుపు పక్కన తడికళ్లతో నిలబడి ఉండేవాడు. సాయంత్రం లైటు వేస్తే వలయాలు ఇంకా పెద్దవయ్యేవి, గోడల మీద నీడలు పచ్చగా ఊగేవి. ఆయనకు నిజంగా భయం వేసింది. ఆమె లేని ఇల్లు ఎలా ఉంటుందో ఊహించబోయి, ఊహించలేక మానేశాడు.

"నీకేమైనా తీరని కోరికలున్నాయా?" అన్నాడొకరోజు.

"ఉంది. కాస్త నూనె వేసుకుని కూర తినాలని ఉంది," అంది ఆమె. "మీరిలా వెనకాలే తిరుగుతుంటే నాకు చచ్చే భయంగా ఉందండీ."

'చచ్చే' అన్న మాట వినగానే ఆయన గోడ పట్టుకుని కూర్చుండిపోయాడు.

ఈలోగా క్లినిక్కు హాల్లో రంగు వేయడం పూర్తయి ఆరింది. ఆరాక అసలు రంగు బయటపడింది. నాలుగు గోడల నీలం, పైన ట్యూబులైట్లు, మధ్యలో వరసగా మనుషులు. అందరి పెదాలూ నీలంగా, గోళ్లు నీలంగా, చెంపలు శవాల్లా ఉన్నాయి. అసలే గుండె రోగులు. ఒకరినొకరు చూసుకుని తమ నాడి తాము పట్టుకున్నారు. ఒకాయన భార్య చెయ్యి పట్టుకుని క్షమాపణలు చెప్పడం మొదలుపెట్టాడు. నర్సు కంగారుపడి, తోడుగా వచ్చిన ఒక కుర్రాడికి కూడా ఆక్సిజన్ గొట్టం తగిలించింది. డాక్టరుగారు తలుపు తీసి ఆ వరసను చూసి, ఒక్క క్షణం తానే గుండె పట్టుకున్నారు. ఆ తర్వాత గోడను చూశారు. తర్వాత ఫోను తీశారు.

యజమాని బాబాయ్‌ను వెంటబెట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ప్రాణం పోయే మనిషిని ఒంటరిగా వదలనని బాబాయ్ భార్యనూ తెచ్చాడు. హాల్లోకి అడుగు పెట్టగానే ఆయన ముఖం వికసించింది.

"ఆహా! ఇదీ తెలుపంటే! అందరూ ఎంత ఆరోగ్యంగా ఉన్నారో చూడండి." భార్య వైపు తిరిగి కేక పెట్టాడు. "నీకు పచ్చ దిగిపోయిందే! బతికిపోయావే!"

నీలం గోడ వెలుగులో ఆమె అందరికీ పీనుగులా కనపడుతోంది. కుర్చీల్లో వాళ్లు కాళ్లు ముడుచుకున్నారు.

డాక్టరుగారు తిట్టడానికి తెరిచిన నోరు అలాగే మూసేశారు. వచ్చి బాబాయ్ మణికట్టు పట్టుకున్నారు. గడియారం వంక చూస్తూ లెక్కపెట్టారు.

"నాడి నిమిషానికి ముప్పై ఎనిమిది. ఇది చాలా తక్కువ. దీపాల చుట్టూ ఏమైనా కనపడుతోందా మీకు?"

"వలయాలండీ. మీ తల చుట్టూ కూడా ఉంది. మీకైతే సహజమేలే అనుకున్నాను."

"అన్నం సయిస్తోందా?"

"వాంతి వచ్చేట్టుంటోంది. ఇల్లాలు పోతుంటే ఎవరికి సయిస్తుందండీ?"

"మందులు చూపించండి."

భార్య సంచి బోర్లించింది. డాక్టరుగారు రెండు అట్టలు ఏరి పక్కపక్కన పెట్టారు. "ఈ రెండూ వేసుకుంటున్నారా?"

"ఇరవై రోజుల్నుంచి, రోజూ చెరొకటి. ఒకటి పాతది, రెండోది కొత్త షాపులో ఇచ్చారు," అన్నాడు బాబాయ్.

"ఆ షాపులో అతనేం చెప్పలేదా?"

"'అదే మందండీ, కంపెనీ వేరు' అన్నాడు. వాడికేం తెలుసండీ? ఇంటికెళ్లి విప్పి చూశాను. ఇది పాల తెలుపు, అది సుద్ద తెలుపు. రెండూ ఒకటెలా అవుతాయి?"

నర్సు చూసింది, యజమాని చూశాడు, కుర్చీల్లోంచి ఇద్దరు లేచొచ్చి చూశారు. ఎవరికీ తేడా కనపడలేదు.

"అట్ట మీద పెద్దక్షరాల్లో ఉండేది కంపెనీవాడు పెట్టుకున్న పేరు," అన్నారు డాక్టరుగారు. "అసలు మందు పేరు చిన్నక్షరాల్లో ఉంటుంది. చూడండి, రెండిటి మీదా డిజాక్సిన్ అనే ఉంది. ఇది గుండె పరుగు తగ్గించి, కొట్టే దెబ్బకి బలం ఇస్తుంది. కానీ మోతాదుకీ విషానికీ వెంట్రుకవాసి తేడా. ఎక్కువైతే గుండె మరీ నెమ్మదిస్తుంది, తిండి సయించదు, లోకం పచ్చబడుతుంది. కొత్త అట్ట ఇంటికొస్తే, మింగేముందు నన్నో మందుల షాపువాణ్ణో అడగాలి. అలాగని భయపడి మీ అంతట మీరు మందు మానేసినా ప్రమాదమే."

"అంటే మా ఆవిడకి..."

"ఆవిడకి ఆకలి తప్ప ఏ జబ్బూ లేదు. ఇంకో వారం ఇలాగే మింగుంటే మీరు భయపడ్డ చావు మీ ఇంట్లో జరిగేదే. మనిషి మాత్రం మారేది."

భార్య కుర్చీలో కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేను పోతానని వారం రోజులు ఏడ్చారు," అంది. "మీరు పోతే నేనేమైపోతానో ఒక్కసారైనా అనుకున్నారా?"

బాబాయ్ ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు.

ఆయన్ను అప్పటికప్పుడే పై అంతస్తులో వార్డులో చేర్చారు. ఆ మాత్ర ఆపి, రక్తం పరీక్షించి, గుండె తీరు చూపించే యంత్రం పక్కన పడుకోబెట్టారు. ఐదో రోజు పొద్దున్న లేచేసరికి దుప్పటి తెల్లగా ఉంది. పక్కన కునుకుతున్న భార్య తన చామనచాయలోకి తిరిగొచ్చేసింది. ఆయన లేపకుండా ఆమెను చాలాసేపు చూసుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే ఇంటికి వెళ్లమన్నారు. కింద హాలుకు కొత్తగా రంగు వేసి ఉంది. ఈసారి కలిపింది యంత్రం. బాబాయ్ గుమ్మం దాటబోతూ ఆగి, గోడను పైనుంచి కిందికి చూసి, "కాస్త పచ్చ కొడుతోంది," అన్నాడు. ఆ ఒక్క ముక్కకు డాక్టరుగారు ఆయన్ను మళ్లీ పైకి పంపి రెండు రోజులు ఉంచేశారు.

రక్తం మళ్లీ పరీక్షించారు. అందులో అన్నీ సరిగ్గానే ఉన్నాయి, పచ్చగా ఉన్నది గోడే.