తుమ్మలగట్టు గడపల తొలగింపు పథకం

మూడవ పంచవర్ష ప్రణాళిక మొదలైన ఏడాది, మా తుమ్మలగట్టులో గడపలు ప్రమాదకరమైనవని పంచాయతీ సమితి వారు కనుగొన్నారు. అంతకుముందు మా ఊళ్లో ప్రమాదాలు లేవని కాదు. కలరా వచ్చింది, కరువు వచ్చింది, దొరలు ఉండనే ఉన్నారు. కానీ లెక్కలు తీసి, పటం గీసి, ఎర్ర పెన్సిలుతో సున్న చుట్టిన మొదటి ప్రమాదం గడపే.

కనుగొన్న వైనం ఇది. కొత్తగా వచ్చిన బ్లాకు అధికారి మా దవాఖాన తనిఖీకి వచ్చి రిజిస్టరు తిరగేశారు. ఏడాదిలో దెబ్బలతో వచ్చినవారు యాభై ముగ్గురు. వారిలో నలభై ఎనిమిది మందికి కారణం ఒక్కటే: "గడప తగిలి పడుట." ఆయన బాగా చదువుకున్నవారు కనుక ఆశ్చర్యపోయారు. మేము ఈ ఊరివాళ్లం కనుక ఆశ్చర్యపోలేదు.

మా ఊరి గడపల గురించి మీకు కొంత చెప్పాలి. అవి సామాన్యమైనవి కావు. సర్పంచ్ భీమయ్యకు తగిలిన గడప ఆయన చెంప మీద అయిదు వేళ్లూ స్పష్టంగా వదిలిపోయింది. చేనేత వాడలో రామచంద్రయ్య వీపు మీద తగిలినది చెప్పు ఆకారంలో ఉంది. లీలమ్మను ఆమె ఇంటి గడప జుట్టు పట్టుకొని వాకిట్లోకి ఈడ్చింది. పైగా ఎదిగిన పిల్లలున్న ఇళ్లలోనే గడపలకు ఇంత పౌరుషం. సంతానం లేని ఇళ్లలో అవి మర్యాదగా పడి ఉండేవి. ఈ చిన్న సంగతి అధికారి దృష్టికి రాలేదు, మేమూ తీసుకురాలేదు.

ఎందుకంటే మాది పరువు గల ఊరు. కన్న కొడుకు చెయ్యి చేసుకున్నాడని చెప్పుకొన్న తల్లి గాని తండ్రి గాని మా ఊరి చరిత్రలో లేరు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని అందరికీ తెలుసు. అందుకని ఎవరికి ఏ దెబ్బ తగిలినా గడప మీదికి నెట్టేవారు. దవాఖాన కాంపౌండరు పరమేశ్వర్ అయితే మనిషి మెట్లెక్కుతుండగానే "గడప" అని రాసి, ఆ తరువాత దెబ్బ ఎక్కడని అడిగేవాడు.

ఆ రిజిస్టరులో అందరికంటే ఎక్కువసార్లు పేరెక్కింది హనుమమ్మ. మగడు పోయినాక రాట్నం మీద నూలు కండెలు చుట్టి, మగ్గాలవాళ్లకు ఇచ్చి బతుకుతూ, పద్దెనిమిదేళ్ల కొడుకు వెంకటరాజాన్ని సాకుతోంది. వెంకటరాజం మెట్రిక్ రెండుసార్లు తప్పాడు, రెండుసార్లూ తప్పు తల్లిదే అయింది. కూరలో ఉప్పు ఎక్కువైనా, చొక్కాకు ఇస్త్రీ తక్కువైనా ఆ ఇంటి గడప లేచి నిలబడేది. ఒకసారి ఆమె కుడి మణికట్టు విరిగి వంకరగా అతుక్కుంది.

"పెద్దమ్మా, ఇంకొక్క దెబ్బ తాకితే ఈ చెయ్యి రాట్నం తిప్పది. జర పైలంగుండు," అన్నాడు పరమేశ్వర్ దానికే మరోసారి కట్టు కడుతూ.

"నేను పైలంగనే ఉన్న బిడ్డా. గడపే ఊకుంటలేదు," అన్నది హనుమమ్మ.

పరమేశ్వర్ నవ్వాడు. నవ్వి రిజిస్టరులో రాశాడు. వాళ్ల పక్క ఇల్లు నాది. నేను బడిపంతులును. రెండిళ్లకూ నడుమ గోడ ఒక్కటే కాబట్టి గడప ఎప్పుడు తగిలేదీ ఆమె కేకను బట్టి నాకు తెలిసేది. అలాంటప్పుడు మా అబ్బాయిని కూర్చోబెట్టి నీతి పద్యాలు గట్టిగా చదివించేవాణ్ణి. కేక వినబడకుండా ఉండేది, వాడికి నీతీ వచ్చేది.

పథకం ప్రారంభించడానికి సమితి అధ్యక్షుల వారు జీపులో విచ్చేశారు. "సోదరులారా! పరాయి పాలన పోయింది. నవాబు పాలన పోయింది. కానీ గడప పోయిందా? పోలేదు! మాతృదేవోభవ అన్న ఈ దేశంలో ఒక తల్లి గడప తగిలి పడిపోవడం యావజ్జాతికే అవమానం!" అని వారు గర్జించారు. చప్పట్లు మారుమోగాయి. అందరికంటే గట్టిగా కొట్టినవాడు వెంకటరాజం. వాడి చేతులకు ఆ పని అలవాటే.

మరునాటి నుంచి మా ఊరి వడ్రంగి వడ్ల పోచయ్య రంపం పట్టుకొని ఇంటింటికీ తిరిగాడు. శుక్రవారం శుక్రవారం పసుపు పూసిన గడపను కోయనివ్వమని ఆడవాళ్లు అడ్డం నిలబడ్డారు. సర్పంచ్ భీమయ్య వాళ్లకు నచ్చజెప్పాడు. "గడప ఉంటె లచ్చిమి కాలెత్తి దాటాలె గదనమ్మా! తీసేస్తే సక్కగ లోపటికొస్తది." తీసేసిన తరువాత కోళ్లు వచ్చాయి, వాన నీళ్లు వచ్చాయి, ఒకరింట్లోకి తేలు వచ్చింది. లక్ష్మి మాత్రం రాలేదు.

అయితేనేం, పథకం దిగ్విజయమైంది. మొదటి నెల దవాఖాన రిజిస్టరులో దెబ్బలే లేవు. పక్క సమితుల వాళ్లు వచ్చి మా గుమ్మాలు చూసి మెచ్చుకొని పోయారు. అసలు కారణం అంత గొప్పదేమీ కాదు. చెప్పడానికి గడప లేక, దెబ్బలు తిన్నవాళ్లు దవాఖానకు రావడం మానేశారు. రామచంద్రయ్య ఒక్కడు తెగించి వెళ్లి, మగ్గం గుంతలో పడ్డానని రాయించుకున్నాడు. మగ్గం గుంతలు పూడ్చే ఆలోచన ఉందని సమితి నుంచి వెంటనే కబురొచ్చింది. చేనేత వాడ అంతా కలిసి రామచంద్రయ్య నోరు మూయించింది.

విజయోత్సవ సభలో మాట్లాడడానికి హనుమమ్మను ఎంపిక చేశారు. గడపల బాధితులలో ఆమెదే మొదటి స్థానం కదా. ఏం మాట్లాడాలో నేర్పమని నన్ను పంపారు. ఆమె కుడి చెయ్యి కొంగు చాటున ఉంది. "సర్కారు పుణ్యాన సుఖంగ ఉన్ననని చెప్పు, చాలు," అన్నాను. ఆమె నా వైపు చూసింది.

"నీకు తెల్వదా సారూ? నడుమ గోడ ఒక్కటేనాయె."

నాకు బడికి వేళవుతోందని లేచి వచ్చాను. ఆ రోజు ఆదివారం.

సభలో బ్లాకు అధికారి ఎంతో ఆప్యాయంగా అడిగారు. "గడప తీసేశాక ఎలా ఉందమ్మా? భయపడకుండా చెప్పండి." హనుమమ్మ కొంగు తొలగించి చెయ్యి పైకెత్తింది. మణికట్టు వాచి ఉంది. వేళ్లు ముడుచుకోవడం లేదు.

"గడప ఉన్నన్ని దినాలు దాని మీద చెప్పుకొని బతికిన. ఇప్పుడు అది లేదాయె. ఏం చెప్పాల్నో తెల్వక ఉన్న మాటే చెప్తున్న. నా కొడుకు కొట్టిండు సారూ. రాట్నం తిప్పే చెయ్యి పోయింది. వాణ్ణి జర ఆపుండ్రి. ఆపుడు మీతోని కాదంటరా, నా గడప నాకియ్యిండ్రి."

మిగిలిన గడప బాధితులంతా అక్కడే కూర్చుని ఉన్నారు. ఇంకొక్కరు లేచి "నన్ను కూడా" అని ఉంటే మా ఊరి కథ మరోలా ఉండేది. నేను లేచి, నాకు తెలుసు అని ఒక్క మాట అన్నా సరిపోయేది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను లేవలేదు. లేచింది భీమయ్య. చెంప తడుముకుంటూ లేచాడు. "కన్న కొడుకును నలుగుర్ల బజారుకీడ్చే తల్లి ఉంటదా? పాపం, ముసల్దానికి మతి తప్పింది," అన్నాడు. ఆమెకు నలభై నాలుగేళ్లు. సభికులు ఊపిరి పీల్చుకొని చప్పట్లు కొట్టారు.

ఆమె విన్నపాన్ని తోసిపుచ్చారని మాత్రం ఎవరూ అనడానికి వీల్లేదు. కూలంకషంగా చర్చించారు. కొడుకును ఆపడం కుటుంబ విషయం, సమితి పరిధిలోకి రాదు. గడప ఇవ్వడం పరిధిలోకి వస్తుంది. కాబట్టి ఊరందరికీ గడపలు తిరిగి బిగించాలని, హనుమమ్మ ఇంటికి మొట్టమొదట, టేకుతో, రెండంగుళాలు ఎక్కువ ఎత్తున బిగించాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. తీర్మానం రాసింది నేనే. మా ఊళ్లో నా దస్తూరి బాగుంటుంది.

మూడేళ్లు గడిచాయి. దవాఖాన రిజిస్టరు మళ్లీ కళకళలాడుతోంది. హనుమమ్మ ఎడమ చేత్తో రాట్నం తిప్పడం నేర్చుకుంది. నూలు తరచూ తెగుతుందని మగ్గాలవాళ్లు సణుగుతారు. శుక్రవారాలు ఆ టేకు గడపకు పసుపు కూడా ఎడమ చేత్తోనే పూస్తుంది.

ఇది రాస్తుంటే కనుబొమ్మ మీది కట్టు నా చూపుకు అడ్డం వస్తోంది. మా ఇంటి గడప నల్గొండలో పి.యు.సి. చదువుతోంది. దసరా సెలవులకు వచ్చింది. చిన్నప్పుడు నేర్పిన నీతి పద్యాలు దానికి ఇంకా కంఠతా వచ్చు. నిన్న పొద్దున నా కేక గోడ అవతలికి పోయింది. వాడలో తలుపులన్నీ మూసుకున్నాయి, ఒక్క తలుపు తెరుచుకుంది. హనుమమ్మ మా వాకిట్లోకి వచ్చి, నా మొహం చూసి మెల్లగా అడిగింది.

"గడపేనా సారూ?"

"గడపే హనుమమ్మా," అన్నాను. మీరూ అదే అనేవారు.